గ్యాస్ నెయిల్ గన్: పేలనప్పుడే ఎక్కువ జాగ్రత్త

ఫాల్స్ సీలింగ్ పని నడిచే ఫ్లోర్ అంటే ఒకప్పుడు హామర్ డ్రిల్ మోత, నెత్తిన రాలే సిమెంటు పొడి. చిల్లు పెట్టాలి, గిట్టీ (స్క్రూ పట్టుకునే ప్లగ్గు) దిగ్గొట్టాలి, స్క్రూ బిగించాలి. సీలింగ్‌ని మోసే ఒక్క ఇనుప చానల్‌కి ఇంత తతంగం. ఇప్పుడు హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు పెద్ద సైట్లలో ‘ఠప్’మని ఒక్క చప్పుడు, మేకు స్లాబ్‌లో దిగిపోయి ఉంటుంది. గ్యాస్ నెయిల్ గన్ పని అది. కంప్రెసర్ అక్కర్లేదు, పైపు ఈడ్చుకు తిరగక్కర్లేదు, కరెంటు వైరు కాళ్లకి అడ్డం పడదు. అందుకే కుర్రాళ్లకి అదంటే మోజు. మా సైట్లో దాన్ని ‘బందూక్’ అంటారు. పేరు తప్పేం కాదు.

నేను ఇంటీరియర్ పనులు చేయిస్తుంటాను. గన్ పేలుతున్నంతసేపూ ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు, ఆ చప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకోమని చెబుతుంది. నేను చూసిన పొరపాట్లన్నీ అది పేలనప్పుడు జరిగినవే. మేకు ఇరుక్కున్నప్పుడు, గ్యాస్ క్యాన్ స్కూటర్ డిక్కీలో మగ్గుతున్నప్పుడు, చార్జర్ ఏదో మూల ప్లగ్గుకి వేలాడుతున్నప్పుడు. కాబట్టి మేకు ఎలా కొట్టాలన్న దానికంటే మిగతా దాని గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

లోపల జరిగేది ఇది

ముందు గన్ లోపలి సంగతి కాస్త తెలిస్తే, తర్వాత చెప్పేవన్నీ ఎందుకో మీకే అర్థమవుతాయి. గన్ ముక్కుని స్లాబ్‌కి అదిమితే లోపల గ్యాస్ మండే గది మూసుకుంటుంది. చిన్న ఫ్యాన్ ‘గుయ్’మని తిరుగుతుంది. క్యాన్ నుంచి కొలిచినట్టు కొద్దిగా వచ్చిన గ్యాస్‌ని ఆ ఫ్యాన్ గాలితో కలుపుతుంది. ట్రిగ్గర్ నొక్కితే స్పార్క్ పుడుతుంది, గ్యాస్ భగ్గుమంటుంది, పిస్టన్ ముందుకు దూసుకొచ్చి మేకుని కొడుతుంది. మీ బైక్ ఇంజిన్లో జరిగేదే, కాకపోతే ఒక్కోసారి ఒక్క దెబ్బ. మేకుని కొట్టే బలమంతా గ్యాస్‌ది. బ్యాటరీ పని ఫ్యాన్ తిప్పడం, స్పార్క్ ఇవ్వడం, అంతే.

దీన్నిబట్టి రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, బ్యాటరీ, గ్యాస్ రెండూ లోపల ఉన్నంతవరకూ ఆ గన్ తూటా నింపిన తుపాకీయే. రెండు, దీని లోపల నిప్పు పుడుతుంది. పక్కన మండే ఆవిరి ఉంటే దానికీ అంటుకుంటుంది.

ఈ రెండోది మన సైట్లలో చాలా పెద్ద విషయం. ఒక బెడ్‌రూమ్‌లో సీలింగ్ కుర్రాడు చానల్ కొడుతుంటాడు, పక్క గదిలో కార్పెంటర్ ఎస్సార్ గమ్ (ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగురు) డబ్బా మూత తీసి లామినేట్ అంటిస్తుంటాడు, హాల్లో పాలిష్ మేస్త్రీ థిన్నర్ కలిపి పీయూ పాలిష్ స్ప్రే చేస్తుంటాడు. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోందని ముగ్గురినీ ఒకేరోజు దించేది మనమే. అలా దించకండి. థిన్నర్ వాసన ముక్కుకి తగులుతోందంటే ఆ ఫ్లాట్లో ఆరోజు గన్ పెట్టెలోంచి బయటికి రాకూడదు. చార్జర్‌కీ ఇదే లెక్క, ప్లగ్గు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ చిన్న మెరుపు రావచ్చు.

కొనేటప్పుడు క్యాన్ అడుగు చూడండి

రాణిగంజ్‌లో గన్‌తో పాటు గ్యాస్ క్యాన్లు, మేకులు కలిపి అమ్ముతారు. క్యాన్ చేతికి రాగానే తిరగేసి, దాని మీద ముద్రించిన గడువు తేదీ చదవండి. గడువు దాటినదాంట్లో ఒత్తిడి తగ్గి ఉంటుంది, గన్ రెండుసార్లకి ఒకసారి పేలుతుంది. అలా తడబడే గన్‌తోనే మనిషికి విసుగు పుడుతుంది, విసుగులోనే వేలు ట్రిగ్గర్ మీదే ఉండిపోతుంది. తక్కువకి ఇస్తున్నారని పాత స్టాకు తెచ్చుకోకండి. మీ గన్ మోడల్‌కి చెప్పిన క్యాన్, దానికి చెప్పిన మేకులే తీసుకోండి. కాంక్రీట్ గన్ వేరు, చెక్క గన్ వేరు. ఒకదాని మేకులు ఇంకోదాంట్లో పడతాయేమో చూడాలన్న సరదా వద్దు.

ఇక అమెరికా నుంచి తెప్పించుకునే వాళ్లకి ఒక మాట. ఈ తప్పు నేనే చేశాను. మా బావమరిది వస్తూ వస్తూ అక్కడి సేల్‌లో కొన్న గన్ తెచ్చాడు. కొత్త గన్, నిగనిగలాడుతోంది. చార్జర్ పిన్నులు బల్లపరుపుగా ఉన్నాయి కదా, ఇంట్లో ఉన్న ట్రావెల్ అడాప్టర్‌లో గుచ్చి గోడకి పెట్టాను. రెండు నిమిషాలు పట్టలేదు. లోపల ‘టప్’మంది, కాలిన వాసన, ఇంట్లో ఎంసీబీ పడిపోయింది. తీరిగ్గా చార్జర్ వెనక్కి తిప్పి చదివితే ఇన్‌పుట్ దగ్గర ఒక్క 120 వోల్టులే రాసి ఉంది. మన గోడలో వచ్చేది 230. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. ఆ స్టిక్కర్ మీద 100-240 అని ఉంటే మన దగ్గరా పెట్టుకోవచ్చు. ఒట్టి 110 అనో 120 అనో ఉంటే ప్లగ్గు దాకా పోనివ్వకండి. గ్యాస్ క్యాన్లు మాత్రం విమానంలో తెమ్మని ఎవర్నీ అడగకండి. చెకిన్ బ్యాగులోనూ ఒప్పుకోరు, చేతి బ్యాగులోనూ ఒప్పుకోరు. విడి లిథియం బ్యాటరీ అయితే చేతి బ్యాగులోనే రావాలి.

చార్జర్ ఎక్కడ పెట్టాలి

సైట్లో కరెంటంటే తాత్కాలిక కనెక్షన్. ఒక చెక్కముక్క మీద నాలుగు సాకెట్లు, వాటిలో ప్లగ్గు లేకుండా రెండు వైర్లు దూర్చి అగ్గిపుల్లలు బిగించి ఉంటాయి. మీరూ చూసే ఉంటారు. గ్రైండర్‌కి అలా చేయడమే తప్పు, చార్జర్‌కి అసలే వద్దు. లూజు కాంటాక్ట్ దగ్గర వేడి పుడుతుంది, సరఫరా తెగి తెగి వస్తుంది, లోపలి సర్క్యూట్ దెబ్బతింటుంది. గట్టి సాకెట్ ఒకటి చార్జర్ కోసమే పక్కన పెట్టించండి. ఆ బోర్డుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. తడి సైట్లో మనిషి ప్రాణం కాచేది అదే.

తర్వాత చోటు. గట్టి నేల మీద గానీ, రాతి గట్టు మీద గానీ పెట్టండి. రంపపు పొట్టు, థర్మోకోల్, ప్లైవుడ్ ముక్కల మీద వద్దు. పై ఫ్లోర్‌లో క్యూరింగ్ నీళ్లు పడుతున్నారేమో తల ఎత్తి చూడండి. కిటికీలోంచి మధ్యాహ్నం ఎండ ఎక్కడిదాకా వస్తుందో కూడా చూసుకోండి, పొద్దున నీడగా ఉన్న చోటే రెండింటికి కాలిపోతూ ఉంటుంది. లిథియం బ్యాటరీలు సాధారణంగా 0 నుంచి 40 డిగ్రీల మధ్య చార్జ్ చేసుకోవాల్సినవి. మీ చార్జర్ మీద రాసిన అంకె ఏదైతే అదే లెక్క. మే నెల హైదరాబాద్‌లో రేకుల షెడ్డు కింద ఆ గీత పదకొండింటికే దాటేస్తాం. అందుకని ఎండాకాలంలో మా దగ్గర చార్జింగ్ పొద్దున పని మొదలయ్యేలోపు, లేకపోతే సాయంత్రం చల్లబడ్డాక.

గన్‌లోంచి తీసిన బ్యాటరీ వెచ్చగా ఉంటే వెంటనే చార్జర్‌లో దూర్చకండి. ఒక చాయ్ తాగి వచ్చేంతసేపు ఆగండి. రెండు బ్యాటరీలు పెట్టుకుంటే ఈ తొందర ఉండదు, నన్నడిగితే గన్‌తో పాటే రెండోది కొనేయడం మేలు. చార్జింగ్ జరిగేటప్పుడు చార్జర్ గోరువెచ్చగా అవడం మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, బ్యాటరీ ఉబ్బినట్టు కనిపించినా, తియ్యటి కెమికల్ వాసన లాంటిదేదైనా వచ్చినా ముందు స్విచ్ ఆపండి, తర్వాతే ప్లగ్గు తీయండి. వైరు పట్టుకుని లాగొద్దు. ఉబ్బిన బ్యాటరీ ‘ఇంకో నాలుగు రోజులు వస్తుందిలే’ అనుకునేది కాదు. దాన్ని బయట ఆరుబయట సిమెంటు నేల మీద పెట్టి, దగ్గర్లో మండేదేదీ లేకుండా చూడండి. పొగ మొదలైతే చేత్తో ముట్టకండి, మనుషుల్ని దూరం జరిపి 101కి ఫోన్ చేయండి.

రాత్రి అందరూ వెళ్లిపోయాక సైట్లో చార్జింగ్ పెట్టి వదిలేయడం కూడా వద్దు. వాచ్‌మన్ ఉన్నాడు కదా అంటారు. వాచ్‌మన్ గేటు దగ్గర ఉంటాడు, చార్జర్ పన్నెండో అంతస్తులో ఉంటుంది.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. విడి బ్యాటరీని మేకుల డబ్బాలో పడేయడం. బ్యాటరీకి బయటికి కనిపించే లోహపు పట్టీలుంటాయి. వాటికి అడ్డంగా ఒక్క మేకు పడితే షార్ట్. ప్యాంటు జేబులో తాళంచెవులతో కలిపి వేసుకున్నా అంతే. మూత ఉంటే మూత పెట్టండి, లేకపోతే ఒక ఇన్సులేషన్ టేపు ముక్క అంటించండి.

క్యాన్‌కి ఎండ తగలనివ్వకండి

క్యాన్ మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మన ఊళ్లో మే నెలలో నీడలోనే 40 దాటుతుంది. మరి ఎండలో నిలిపిన టాటా ఏస్ డాష్‌బోర్డు మీద, నల్లరంగు స్కూటర్ డిక్కీలో ఎంత ఉంటుంది? సీటు మీద కూర్చోలేక లేచి నిలబడతాం కదా, అదే లెక్క. క్యాన్లని మీతో పాటే లిఫ్టులో పైకి తీసుకెళ్లండి. గాలి ఆడే నీడ గదిలో, పొయ్యికీ వెల్డింగ్‌కీ దూరంగా ఉంచండి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. అందుకే సెల్లార్ స్టోర్‌రూమ్‌లో మూసిపెట్టడం కంటే పైన బాల్కనీ నీడే నయం. మెట్రోలో మండే వస్తువులు తీసుకెళ్లనివ్వరు, సంచీలో క్యాన్ పెట్టుకుని స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి తిరగడం ఎందుకు?

క్యాన్ ఎక్కించేటప్పుడు బీడీ, సిగరెట్ దరిదాపుల్లో ఉండకూడదు. క్యాన్‌కి విడిగా వాల్వు వచ్చే మోడల్ అయితే క్లిక్‌మనేదాకా సమంగా నొక్కండి. బుస్సుమని వినిపిస్తే, వాల్వు చుట్టూ తడిగా కనిపిస్తే ఆ క్యాన్ పక్కన పెట్టేయండి. ద్రవం చేతి మీద పడితే మంచుముక్క కాల్చినట్టు కాలుస్తుంది, పడిన చోట రుద్దకుండా గోరువెచ్చటి నీళ్లు పోయండి.

ఎక్కడ కొట్టకూడదో ముందు తేల్చుకోండి

హైదరాబాద్ అంటేనే రాయి. గడపకి గ్రానైట్, వంటింటి గట్టుకి గ్రానైట్, మెట్లకి గ్రానైట్. వాటి మీద ఈ గన్ ముక్కు పెట్టనేకూడదు. మేకు దిగదు, వంగి ఎటు తిరిగొస్తుందో చెప్పలేం. టైల్స్, మార్బుల్, అద్దం పక్క గోడలూ అంతే. కాంక్రీట్‌లో కూడా మన కంకర గ్రానైటే. పది మేకుల్లో ఏదో ఒకటి కంకర్రాయికి తగిలి మెలికపడుతుంది. పడితే దాని మీదే మళ్లీ కొట్టకండి, మూడు అంగుళాలు జరగండి. అంచు నుంచి కూడా మూడు నాలుగు అంగుళాలు వదలండి, లేకపోతే పెచ్చు ఊడుతుంది.

గోడ సంగతి తెలియకపోతే చిన్న పరీక్ష. కళ్లద్దాలు పెట్టుకుని, అదే మేకుని ఒకటి సుత్తితో చేత్తో కొట్టి చూడండి. మేకు మొన మొద్దుబారితే గోడ మరీ గట్టిది. గోడ పగిలి గీతలు పడితే మరీ పెళుసు. మేకు వెన్నలో దిగినట్టు దిగిపోతే అది బరువు మోయదు. ఈ మూడింటిలో ఏదైనా సరే, గన్ పక్కన పెట్టి డ్రిల్ తీయండి. ఏఏసీ బ్లాకు (తేలికపాటి సిమెంటు ఇటుక) గోడ ఈ మూడో రకమే.

మన ఇళ్లలో కరెంటు పైపులు గోడలో గాడి కోసి, పైన ప్లాస్టరింగ్ చేసి కప్పేస్తారు. అక్కడ పైపు మీద ఉండేది ఒక్క అంగుళం కూడా లేని పూత. స్విచ్‌బోర్డుకి నిటారుగా పైకీ కిందికీ, బాత్‌రూమ్ గోడకి అవతలి వైపు నీళ్ల పైపులున్న చోటా కొట్టకండి. ప్లాస్టరింగ్‌కి ముందు ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచుకున్న ఓనర్ దొరికితే దండం పెట్టండి. ప్లై పార్టిషన్ అయితే అవతల ఎవరూ లేరని స్వయంగా వెళ్లి చూసి రండి, కేక వేస్తే చాలదు. గ్రైండర్ మోతలో కేక వినపడదు.

ఇక కొట్టండి

పక్కల నుంచి కూడా మూసి ఉండే కళ్లద్దాలు, చెవుల్లో ప్లగ్గులు, హెల్మెట్, బూట్లు. ఇవి గన్ పట్టినవాడికే కాదు, నిచ్చెన పట్టుకున్నవాడికీ. స్లాబ్‌కి కొడితే పెచ్చులు కిందున్నవాడి కళ్లలోనే పడతాయి. పొగ పోవడానికి బాల్కనీ తలుపు తీసి పెట్టండి. మూసిన చిన్న గదిలో గంటలకొద్దీ కొడితే తలనొప్పి రావడం వట్టి అలసట కాదు, మండిన గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

రోజూ మొదటి మేకుకి ముందు ఒక తనిఖీ. గ్యాస్, బ్యాటరీ తీసేసి ముక్కుని చెక్కకి అదిమి వదలండి, టక్కున వెనక్కి రావాలి. జిప్సం పొడి పట్టి బద్ధకంగా వస్తుంటే శుభ్రం చేసేదాకా వాడొద్దు. తర్వాత రెండూ ఎక్కించి, పనికిరాని చెక్క వైపు చూపిస్తూ ముక్కు అదమకుండా ట్రిగ్గర్ నొక్కండి. ఏమీ జరగకూడదు. జరిగితే అది సర్వీసుకి వెళ్లాల్సిన గన్. ముక్కుని తీగతో కట్టేసి ‘స్పీడు పని’ చేస్తామనే వీరులు ఎక్కడైనా ఉంటారు, వాళ్ల చేతిలోంచి గన్ తీసుకోండి.

రెండో చెయ్యి ముక్కుకి జానెడు దూరంలో ఉండాలి. గన్‌ని గోడకి నిటారుగా అదమాలి, పక్కకి వాలితే మేకు జారుతుంది. నిచ్చెన ఎక్కేటప్పుడు గన్ చేతిలో ఉండొద్దు, పైకెక్కాక సంచీలో పెట్టి తాడుతో లాక్కోండి. చోటు మారేటప్పుడు వేలు ట్రిగ్గర్ బయట.

మేకు ఇరుక్కుంటే

మియాపూర్‌లో ఒక ఫ్లాట్. కుర్రాడు స్టూల్ మీద కూర్చుని, గన్‌ని ఒళ్లో పెట్టుకుని, ఇరుక్కున్న మేకుని స్క్రూడ్రైవర్‌తో పొడుస్తున్నాడు. పొడిచేటప్పుడు ఊతం కోసం ముక్కుని మోకాలికి ఆనించాడు. నేను వంటింట్లో కొలతలు తీసుకుంటున్నాను. ‘గుయ్’మంది. అంతే, చిన్న ఫ్యాన్ చప్పుడు. ఆ చప్పుడు వచ్చిందంటే గది మూసుకుంది, గ్యాస్ నిండింది, ఇక ట్రిగ్గరే తరువాయి. “తమ్మీ, కదలకు” అన్నాను. వాడు తలెత్తి, “గ్యాస్ తీసిన్నన్నా, బ్యాటరీ భీ తియ్యాల్నా?” అన్నాడు. వాడు తీసి పక్కన పెట్టింది పాత ఖాళీ క్యాన్. లోపలున్నది కొత్తది.

అందుకే క్రమం ఇది. ముందు ముక్కుని ఖాళీ వైపు తిప్పి, వేలు ట్రిగ్గర్ మీంచి తీయండి. బ్యాటరీ తీయండి. క్యాన్ తీయండి. రెండూ నేల మీద, మీ కళ్ల ముందు ఉండాలి. మేకుల పట్టీని బయటికి లాగండి. అప్పుడు ఆ ఇరుక్కున్నదాన్ని పట్టకారుతో తీయండి, ముక్కు లోపలి భాగం వేడిగా ఉంటుంది కాబట్టి ఉత్త వేళ్లతో వద్దు. మళ్లీ మళ్లీ ఇరుక్కుంటుంటే మేకుని కొట్టే బ్లేడు అరిగిందనో, లోపల మసి పట్టిందనో అర్థం. శుభ్రం చేసేటప్పుడూ ఇదే క్రమం. గన్ కంపెనీ చెప్పిన క్లీనర్, నూనె మాత్రమే వాడండి, పెట్రోల్‌తో కడగొద్దు.

మేకు మనిషికి దిగితే

పీకకండి. ఎంత చిన్నదైనా పీకకండి. లోపల తెగిన రక్తనాళానికి ఆ మేకే బిరడాలా అడ్డుపడి ఉండొచ్చు. చుట్టూ శుభ్రమైన గుడ్డ చుట్టి, చెయ్యిగానీ కాలుగానీ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నాడో డాక్టర్ అడుగుతారు, దారిలోనే అడిగి తెలుసుకోండి.

కంట్లో పొడి పడితే నలపకుండా మంచినీళ్లతో కడగాలి. కంట్లో ఏదైనా గుచ్చుకుంటే మాత్రం కడగకూడదు, నొక్కకూడదు. సైట్లో చాయ్ పేపర్ కప్పు లేని రోజుండదు. వాడనిది ఒకటి కంటి మీద బోర్లించి టేపు వేసి, తిన్నగా మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికో, బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్‌కో తీసుకెళ్లండి.

సాయంత్రం సర్దేటప్పుడు

బ్యాటరీ, క్యాన్ గన్‌లోంచి తీసి, పెట్టెలో దేని అరలో దాన్ని పెట్టండి. మేకులు వేరే డబ్బాలో. పాడైన బ్యాటరీలని చెత్త ఆటోలో వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే, కొన్న షాపులో అడగండి.

అయిపోయిన క్యాన్ నిజంగా ఖాళీ కాదు. లోపలి సంచీలో గ్యాస్ అయిపోయినా, దాన్ని బయటికి నెట్టే ఒత్తిడి క్యాన్‌లో ఇంకా ఉంటుంది. చిల్లు పొడవొద్దు, పాత సామాన్ల వాడికి ఇనుముతో కలిపి వేయొద్దు. మా దగ్గర అయిపోయిన ప్రతి క్యాన్ మీదా మార్కర్‌తో పెద్ద అడ్డగీత గీసి, ఎర్ర బకెట్లో వేసి, షాపుకి తిరిగిస్తాం. మియాపూర్ సంగతి తర్వాత మొదలైన గీత అది. బకెట్ మాత్రం డిసెంబరు వల్ల వచ్చింది. పొద్దున వాచ్‌మన్లు ప్లైవుడ్ ముక్కలు పోగేసి చలిమంట వేసుకుంటారు, ఫ్లోర్ మీద ఊడ్చిన చెత్త బస్తా చివరికి వెళ్లేది ఆ మంటలోకే.